తొలి క్రైస్తవులు రోమా దేవుళ్లను ఎలా ఖండించారు?



కేస్లాపూర్ నాగోబా జాతర రోజులవి. ఉట్నూర్ బస్టాండు జనంతో కిటకిటలాడుతోంది. దుకాణానికి వచ్చిన మన కుర్రాడొకడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎవరో వక్త విగ్రహాల మీద, వాటికి మొక్కేవారి మీద జోకులు వేస్తున్నాడు. ఎదుట కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. "గ్రూపులో పెట్టనా చాచా?" అన్నాడు. వద్దన్నాను. "ఎందుకు వద్దు? ఇబ్రాహీం ప్రవక్త (అలైహిస్సలాం) చేసింది కూడా ఇదేగా?" అన్నాడు.

అప్పటికప్పుడు సరైన జవాబు నాకు తోచలేదు. "సరే, తర్వాత మాట్లాడదాం" అని పంపేశాను. ఈ సంచికకు ఏదైనా రాయమని కమిటీవారు అడిగినప్పుడు ఆ బాకీ గుర్తొచ్చింది. ఆ జవాబు కోసం కొంచెం దూరం పోవాలి. బహుదైవారాధకుల నడుమ పిడికెడు మందిగా బతుకుతూ, దేవుడొక్కడే అని వాదించినవారు మనకు ముందు కూడా ఉన్నారు. యూదులు ఉన్నారు, వారి తర్వాత తొలి క్రైస్తవులు ఉన్నారు. ఈ క్రైస్తవుల వాదనలు చాలావరకు గ్రంథాలుగా మిగిలాయి. వాళ్లు ఏమన్నారు, ఎవరితో అన్నారు, ఆ మాటలు చివరికి ఎటు దారితీశాయి అన్నది చూస్తే కుర్రాడి ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నాకనిపించింది.

ముందు వాళ్ల పరిస్థితి తెలియాలి. రోమా సామ్రాజ్యంలో పూజ అనేది మనిషి సొంత వ్యవహారం కాదు. ఊరి బాగు, పంట, సైన్యం గెలుపు, చక్రవర్తి ఆరోగ్యం అన్నీ దేవుళ్లకు బలులు సరిగా జరగడం మీదే ఉన్నాయని అందరి నమ్మకం. అలాంటి చోట ఒక గుంపు బలి ఇవ్వం, సాంబ్రాణి వేయం అంటే ఎలా ఉంటుంది? వాళ్లకు పెట్టిన పేరు వింటే మనకు నవ్వొస్తుంది: నాస్తికులు! గుడి లేదు, విగ్రహం లేదు, బలిపీఠం లేదు, ఇక దేవుడెక్కడ అని జనం అనుకున్నారు. వానలు పడకపోయినా, నది పొంగినా, రోగాలు వచ్చినా నింద వాళ్ల మీదే. 250లో డీసియస్ చక్రవర్తి, అందరూ దేవుళ్లకు బలి ఇచ్చి, ఇచ్చినట్టు అధికారుల దగ్గర రాతపూర్వకంగా చీటీ తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. అలాంటి చీటీలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. ఫలానా ఊరి ఫలానా మనిషి బలి ఇచ్చాడు, మాంసం రుచి చూశాడు, మేము చూశాం అని సాక్షి సంతకాలతో సహా ఉంటాయి. చీటీ లేనివాడికి జైలు, కొందరికి మరణం.

ఈ మనుషులు రాసిన తొలి వాదనల్లో ఒకటి అరిస్టైడీస్ అనే ఏథెన్స్ తత్వవేత్తది. 2వ శతాబ్ది మొదటి సగంలో రోమా చక్రవర్తిని ఉద్దేశించి రాసిన అర్జీ అది. ఆయన మొదట ప్రకృతిని పట్టుకుంటాడు. కొందరు భూమిని దేవత అంటారు. కాని ఆ భూమిని మనమే తవ్వుతాం, తొక్కుతాం, చచ్చినవాళ్లను అందులోనే పూడుస్తాం. నీరు దేవుడంటారు. దాన్ని కాలువ కట్టి మళ్లిస్తాం, మురికి చేస్తాం, చలికి అది గడ్డకడుతుంది. నిప్పును ఒకరింటి నుంచి ఇంకొకరింటికి తీసుకుపోయి వంట చేసుకుంటాం. గాలి ఎవరో తోలినట్టు ఒకసారి ఇటు, ఒకసారి అటు వీస్తుంది. సూర్యుడు తనకు గీసిన దారి తప్పడు, వేళకు పొడుస్తాడు, వేళకు కుంకుతాడు. ఒకరి ఆజ్ఞకు లోబడి తిరిగేది దేవుడెలా అవుతుంది, తిప్పేవాడు కదా దేవుడు అని ఆయన అడుగుతాడు.

ఇది చదువుతుంటే మనకు అన్ఆమ్ సూరా గుర్తు రాకుండా ఉండదు. నక్షత్రాన్ని చూసి, చంద్రుణ్ణి చూసి, సూర్యుణ్ణి చూసి, అస్తమించేవాటి మీద నాకు ప్రేమ లేదని ఇబ్రాహీం (అలైహిస్సలాం) తిరిగిపోయిన ఘట్టం దాదాపు ఇదే దారిలో నడుస్తుంది.

తర్వాత అరిస్టైడీస్ గ్రీకుల కథల మీదికి వస్తాడు. మీ దేవుళ్లలో ఒకడు పిల్లల్ని మింగాడు, ఇంకొకడు తండ్రిని బంధించాడు, పరాయి ఆడవాళ్ల వెంట జంతువుల రూపం ఎత్తి తిరిగాడు, మరొకడు కుంటివాడై సుత్తి పట్టుకుని పొట్టపోసుకున్నాడు. ఈ పనులు మనిషి చేస్తే మీ చట్టాలే శిక్షిస్తాయి. చట్టం మంచిదైతే దేవుళ్లు దోషులు, దేవుళ్లు మంచివాళ్లైతే చట్టం తప్పు, రెండిట్లో ఒకటి తేల్చండి అంటాడు. ఇది గట్టి తర్కమే. కాని ఇక్కడ గొంతు మారడం కూడా మనం గమనించాలి. మొదటి భాగంలో ఆలోచన ఉంది. రెండో భాగంలో ఎత్తిపొడుపు మొదలైంది.

ఆయన ఈసా (అలైహిస్సలాం)ను దేవుని కుమారుడనే రాశాడు. ఆ విషయంలో మన దారి వేరని ఈ సంచిక చదివేవారికి వేరే చెప్పక్కరలేదు. కాని యూదులకూ తమకూ ఎంత తేడా ఉన్నా, వారు ఒక్క దేవుణ్ణే ఆరాధిస్తారు, బీదలకు పెడతారు, బందీలను విడిపిస్తారు, చనిపోయినవారిని పాతిపెడతారు అని ఆయన మెచ్చుకుంటాడు. ఎదుటివాడిలో మంచిని మంచి అనగలిగిన మనిషి.

ఈ అర్జీ మనదాకా వచ్చిన తీరు ఇంకో కథ. నాకు చాలా ఇష్టమైన కథ, అందుకని కాస్త ఆగుతాను. గ్రీకు మూలం ఎప్పుడో పోయిందని అందరూ అనుకున్నారు. 1889లో రెండెల్ హారిస్ అనే ఇంగ్లండు పండితుడికి తూరె సీనా పాదాన ఉన్న సెయింట్ కేథరిన్ మఠంలో సురియానీ భాషలో దాని అనువాదం దొరికింది. అది అచ్చుకు సిద్ధమవుతుండగా చదివిన ఆర్మిటేజ్ రాబిన్సన్ అనే మరో పండితుడికి, ఈ మాటలు ఇదివరకే ఎక్కడో ఉన్నాయని తట్టింది. వెతికితే ఏముంది! 'బర్లామ్, ఇయోసాఫ్' అనే గ్రీకు కథలో ఒక పాత్ర నోట ఆ అర్జీ చాలావరకు అలాగే ఉంది. శతాబ్దాలుగా అందరూ చదువుతున్న పుస్తకంలోనే అది దాక్కుని ఉందన్నమాట.

ఆ కథ ఏమిటి? హిందుస్తాన్‌లో ఒక రాజు. కొడుకు సన్న్యాసులలో కలుస్తాడని జ్యోతిష్కుడు చెబితే, లోకంలోని దుఃఖం కంట పడకుండా మేడలో పెంచుతాడు. ఆ కొడుకు ఒకరోజు బయటికి వెళ్లి రోగిని, ముసలివాణ్ణి చూస్తాడు. ఈపాటికి మీకు తెలిసిపోయే ఉంటుంది, ఇది గౌతమ బుద్ధుడి కథ. ఇది మధ్య ఆసియా, ఇరాన్ మీదుగా ప్రయాణించి, అబ్బాసీల కాలంలో అరబ్బీలో 'కితాబ్ బిలౌహర్ వ బూదాసఫ్' అయింది. బూదాసఫ్ అంటే బోధిసత్త్వుడే. అరబ్బీ చదివినవారికి తర్వాతి మలుపు సులువుగా అర్థమవుతుంది. మాట మొదట్లో వచ్చే బే కింద ఒక నుఖ్తా, యే కింద రెండు. ఎవరో లేఖకుడి చేతిలో ఒక నుఖ్తా ఎక్కువైంది, బూదాసఫ్ యూదాసఫ్ అయ్యాడు. ఆ పేరే జార్జియన్ భాషకు, అక్కడి నుంచి గ్రీకుకు వెళ్లి ఇయోసాఫ్ అయింది. గ్రీకులోకి మార్చినవాడు 1028లో చనిపోయిన యూథిమియస్ అనే జార్జియన్ సన్న్యాసి అని ఇప్పుడు పండితులు చెబుతున్నారు. చివరికి లాటిన్‌లో జోసఫాత్ అయి, రోమన్ కాథలిక్కుల పునీతుల పట్టికలో నవంబరు 27వ తేదీకి ఎక్కాడు. తెలిసో తెలియకో బుద్ధుణ్ణి క్రైస్తవ పునీతుడిగా తలుచుకున్నారన్నమాట. షేక్ సదూఖ్ పేరుతో ప్రసిద్ధుడైన ఇబ్న్ బాబవైహ్ 10వ శతాబ్దిలో ఈ కథను తన గ్రంథంలో చేర్చుకున్నాడు. అరబ్బీ పుస్తకం బొంబాయిలో రాతి అచ్చు మీద హిజ్రీ 1306లో వెలువడింది కూడా.

మనకు ఇది మరీ పరాయి సంగతి కాదు. గోదావరి ఒడ్డున అస్సక దేశంలో ఉన్న బావరి అనే వృద్ధ గురువు తన పదహారుగురు శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడని బౌద్ధుల సుత్తనిపాతంలో ఉంది. ఆ బావరి ఉన్న చోటు మన ఖానాపూర్ దగ్గర గోదావరి పాయల నడుమ ఉన్న బాదనకుర్తి అని కొందరు చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడివాళ్లు వెతుక్కుంటూ వెళ్లిన ఆ మనిషి కథే బగ్దాదు చూసి, గ్రీసు చేరి, దారిలో ఒక క్రైస్తవుడి అర్జీని జేబులో వేసుకుంది.

కథలో ఆ అర్జీ చదివేవాడు నాఖోర్ అనే వేషగాడు. రాజు వాడికి కూలి ఇచ్చి, నువ్వు క్రైస్తవ గురువులా నటించి సభలో కావాలని ఓడిపో అంటాడు. రాజకుమారుడు పసిగట్టి, ఓడిపోయావో నీ నాలుక, గుండె పెరికిస్తానని బెదిరిస్తాడు. ప్రాణభయంతో నోరు విప్పిన నాఖోర్ అరిస్టైడీస్ మాటలన్నీ చెప్పి సభను గెలుస్తాడు.

ఇక మిగతావాళ్ల సంగతి. 200 ప్రాంతంలో మినూకియస్ ఫెలిక్స్ అనే లాయరు రాసిన 'ఒక్టావియస్' అనే చిన్న పుస్తకంలో ముగ్గురు స్నేహితులు సముద్రపు ఒడ్డున నడుస్తుంటారు. వారిలో పాత మతం వాడు కైకిలియస్ దారిలో సెరాపిస్ విగ్రహానికి చెయ్యి ముద్దుపెట్టుకుని దండం పెడతాడు. దాని మీద మాటా మాటా పెరిగి ముగ్గురూ రాళ్ల మీద కూర్చుని తేల్చుకుంటారు. కైకిలియస్‌కు పూర్తిగా మాట్లాడే అవకాశం ఇస్తారు. ప్రతి జాతీ తన పెద్దల దేవుళ్లను కాపాడుకుంటుంది, రోము అందరి దేవుళ్లనూ గౌరవించి పెద్దదయింది, అంతు చిక్కని విషయాల్లో పాతదాన్ని పట్టుకోవడమే మేలు అని అతను బలంగానే చెబుతాడు. జవాబుగా క్రైస్తవుడైన ఒక్టావియస్ మనకు బాగా తెలిసిన వాదనే ఎత్తుకుంటాడు. ఆ కంచును కరిగించారు, సుత్తితో కొట్టారు, రాకారు. అది ఏ క్షణాన దేవుడయింది? ఎలుకలు దాన్ని కొరుకుతాయి, పిట్టలు దాని మీద రెట్టలు వేస్తాయి, సాలీళ్లు ముఖం మీద గూడు కడతాయి. మీకంటే వాటికే నిజం తెలుసు అంటాడు. ఎద్దేవా ఇక్కడా ఉంది. కాని పక్కనే కూర్చున్న స్నేహితుడి ముఖం చూస్తూ చేసింది, అతని మాట అంతా విన్న తర్వాత చేసింది. చివరికి ముగ్గురూ సంతోషంగా లేచి వెళతారు.

ఈ వాదనల్లో చాలావరకు క్రైస్తవుల సొంతం కాదు. విగ్రహం చేసేవాడి మీద పరిహాసం యూదుల ప్రవక్తల గ్రంథాల్లో ముందే ఉంది. దేవుళ్ల దుర్నడతల మీద విమర్శ క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దిలోనే జెనోఫనీస్ అనే గ్రీకు కవి చేశాడు. దేవుళ్లంటే ఒకప్పటి రాజులే, చచ్చాక జనం మొక్కడం మొదలుపెట్టారు అన్నది క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతపు యూహెమెరస్ మాట. అవతలివాళ్లూ ఊరుకోలేదు. మేము రాతికి మొక్కడం లేదు, రాయి గుర్తు మాత్రమే, ఆ మాత్రం తెలియని మూర్ఖులమా అని 2వ శతాబ్ది చివర సెల్సస్ అనే పండితుడు అడిగాడు. అతని పుస్తకం పోయింది. ఒరిజెన్ అనే క్రైస్తవ పండితుడు దాన్ని ఖండిస్తూ మాటకు మాట ఎత్తి రాసుకున్నందువల్లే మనకు తెలిసింది. ప్రత్యర్థి మాటను అంత నిజాయితీగా ఎత్తి రాసేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది?

అప్పటిదాకా వాళ్లు చక్రవర్తిని అడిగింది ఒక్కటే, మమ్మల్ని బలవంతం చేయకండి అని. 212లో కార్తేజ్‌కు చెందిన టెర్టులియన్ అక్కడి గవర్నరుకు రాసిన లేఖలో, ఎవరికి తోచిన దేవుణ్ణి వారు ఆరాధించుకోవడం మనిషి హక్కు అనీ, మతాన్ని బలవంతంగా రుద్దడం మతం పని కాదనీ స్పష్టంగా వాదించాడు. ధర్మంలో బలవంతం లేదన్న మన బఖరా సూరా ఆయతును ఎరిగినవారికి ఈ మాట దగ్గరగా తోస్తుంది.

313 తర్వాత కాలం తిరగబడింది. చక్రవర్తులే క్రైస్తవులయ్యారు. 346 ప్రాంతంలో ఫిర్మికస్ మాటర్నస్ అనే ఆయన ఇద్దరు చక్రవర్తులకు ఒక పుస్తకం రాశాడు. ఈయన అంతకుముందు జ్యోతిషం మీద పెద్ద గ్రంథం రాసినవాడు. కొత్తగా మారినవాడి ఆవేశం ఎలా ఉంటుందో తెలిసిందే. వాదన పాతదే, విగ్రహాలు ఉత్త లోహం. కాని దాని కొసన అతికించిన మాట కొత్తది: గుళ్ల సొమ్ము తీసేయండి, ఆ దేవుళ్లను టంకశాలలో కరిగించండి. ఒక్టావియస్ స్నేహితుడితో అన్న మాట నూట యాభై ఏళ్లకు ప్రభుత్వ ఉత్తరువుకు ముసాయిదా అయింది. 356లో బలులకు మరణశిక్ష చట్టమయింది. 391లో ఇస్కందరియాలోని సెరాపిస్ మహాలయాన్ని కూల్చేశారు. ఆ కైకిలియస్ ముద్దుపెట్టిన దేవుడే. 386లో లిబానియస్ అనే పాత మతపు ఉపన్యాసకుడు చక్రవర్తి థియోడోసియస్‌కు విన్నపం రాశాడు. పల్లెల్లో గుళ్లు కూలుస్తున్నారు, రైతు తన పెళ్లాం బిడ్డల మీద, ఎడ్ల మీద, విత్తిన పొలం మీద పెట్టుకున్న ఆశంతా ఆ గుడి మీదే ఉంటుంది, అది కూలితే వాడి మనసు విరిగిపోతుంది అని మొరపెట్టుకున్నాడు. మమ్మల్ని బలవంతం చేయకండి అని అర్జీ పెట్టుకునే వంతు ఇప్పుడు వీళ్లదయింది.

మరి జనం నిజంగా దేన్ని చూసి మారారు? వాదనకు కొంత పాత్ర ఉండొచ్చు. కాని వాళ్ల శత్రువుల సాక్ష్యం వేరే ఉంది, అది మన సంఘానికి దగ్గరి విషయం. టెర్టులియన్ 197లో రాసిన పుస్తకంలో తమ సంఘం పెట్టె గురించి చెబుతాడు. నెలకోసారి ఎవరి శక్తి కొద్దీ వారు, ఇష్టముంటేనే అందులో వేస్తారు. ఆ డబ్బు విందులకు పోదు. దిక్కులేని బీదల తిండికి, వారి శవసంస్కారానికి, తల్లిదండ్రులు లేని పిల్లలకు, ఇంటి నుంచి కదలలేని ముసలివాళ్లకు, ఓడ మునిగి సర్వం పోయినవారికి, జైళ్లలో, గనుల్లో ఉన్నవారికి పోతుంది. అరిస్టైడీస్ ఇంకో మాట చేర్చాడు: తమలో బీదవాడు ఉండి, పెట్టడానికి తమ దగ్గర మిగులు లేకపోతే, రెండు మూడు రోజులు ఉపవాసముండి ఆ తిండి వాడికిస్తారట. మన బైతుల్‌మాల్ లెక్కల పుస్తకంలోని పద్దులకూ టెర్టులియన్ చెప్పిన పద్దులకూ పెద్ద తేడా లేదు.

361లో గద్దెనెక్కిన జూలియన్ చక్రవర్తి పాత దేవుళ్లను మళ్లీ నిలబెట్టాలని చూశాడు. ఆయన పేరుతో దక్కిన ఒక ఉత్తరం గలతియలోని ప్రధాన పూజారి అర్సాకియస్‌కు రాసినది. అందులో చక్రవర్తి బాధ ఒకటే: ఈ క్రైస్తవులు తమ బీదలకే కాదు, మన బీదలకు కూడా పెడుతున్నారు, మనవాళ్లకు మనం పెట్టడం లేదని లోకమంతా చూస్తోంది. కాబట్టి ఊరూరా సత్రాలు కట్టించు, ఏటా 30,000 కుంచాల గోధుమలు పంపిస్తాను, అయిదో వంతు పూజారుల దగ్గర పనిచేసే బీదలకు, మిగతాది బాటసారులకు, యాచకులకు పంచు అని ఉంది. వాళ్ల వాదనకు జవాబు చెప్పలేక కాదు ఆ చక్రవర్తి దిగులు. క్రైస్తవుల మీద ఆయన స్వయంగా పుస్తకమే రాశాడు. రెండేళ్లు తిరగకుండా యుద్ధంలో పోయాడు.

మొన్న ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. ఈ కథంతా చెప్పాను. ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఎవరితో వాదించారో చూడమన్నాను. తన తండ్రితో, తన జాతితో, తనను మంటల్లో వేయించగల రాజుతో వాదించారు. ఊళ్లో తన దుకాణానికి వచ్చే బలహీనుణ్ణి నవ్వులపాలు చేయలేదు. పైగా నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు ఉన్న ఆ అన్ఆమ్ సూరాలోనే, ముప్పై ఆయతుల తర్వాత, 108వ ఆయతులో, వాళ్లు మొక్కేవాటిని మీరు దూషించకండి, వాళ్లు తెలియక అల్లాహ్‌ను దూషిస్తారు అన్న ఆజ్ఞ ఉంది. ఆ సూరా తీసి చూపించాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. నీ వీడియోలో ఆయన వేళాకోళం చేసేది చెక్కిన బొమ్మల్ని. మన చుట్టూ ఉన్న గోండుల పెర్సపెన్‌కు బొమ్మే ఉండదు. ఇనుప బల్లెపు మొన, చామరం, అంతే. మార్లవాయిలో ఉండి వాళ్ల మధ్య తిరిగిన హైమన్‌డార్ఫ్ 1948 నాటి తన పుస్తకంలో రాసి పెట్టాడు. మనం ఇక్కడే పుట్టి పెరిగాం, పక్కవాడు దేనికి మొక్కుతాడో అడిగి తెలుసుకోలేదు.

కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు: "చాచా, ఆ నాఖోర్ చివరికి ఏమయ్యాడు?"

రాజు కూలికి పిలిచినవాడు, ఆ రాత్రి తన నోటి మాటల గురించే ఆలోచించి, తెల్లారేసరికి నిజంగానే మారిపోయి అడవికి వెళ్లిపోయాడని కథలో ఉందని చెప్పాను.